పక్కనున్న మాటే చెబుతుంది



పందికొక్కు అనే మన తెలుగు మాట ఇంగ్లీషులోకి వెళ్లి 'బాండికూట్' అయిన సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. పొలం గట్లలో, ధాన్యం కొట్లలో బొరియలు తవ్వే ఆ పెద్ద ఎలుకకు తెల్లదొరలు మన పేరునే ఉంచేశారు. ఆ పేరు అక్కడితో ఆగక ఆస్ట్రేలియాకు చేరింది. అక్కడ పొడుగు ముక్కుతో నేల తవ్వుకునే జంతువు ఒకటుంది. కంగారూకు ఉన్నట్టే దాని పొట్టకూ సంచి ఉంటుంది. మన పందికొక్కుకూ దానికీ చుట్టరికం ఏమీ లేదు. అయినా పోలిక చూసి, అక్కడికి వలస వెళ్లినవాళ్లు దాన్నీ బాండికూట్ అనే పిలిచారు.

నాకు అబ్బురం అనిపించేది ఆ తర్వాత జరిగింది. ఆస్ట్రేలియావాళ్లు ఆ పేరును క్రియ చేసేశారు. 'టు బాండికూట్' అంటే, ఆలుగడ్డ చేలో మొక్కను పీకకుండా పక్కనుంచి మట్టిలోకి చెయ్యి పోనిచ్చి, గడ్డలు మాత్రం లాక్కుని, మళ్లీ మట్టి కప్పేయడం. పైన ఆకు పచ్చగానే ఉంటుంది. చేను గలాయన వచ్చి చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మొదట్లో ఇది దొంగతనానికి పేరు. ఇప్పుడు పెరట్లో ఆలుగడ్డలు వేసుకునేవాళ్లు, మొక్కను బతకనిచ్చి కూరకు నాలుగు లేత గడ్డలు తీసుకోవడాన్ని కూడా అలాగే అంటున్నారు.

మరి మనం ఏమంటాం? 'పందికొక్కులా తవ్వేశాడు' అంటాం, 'పందికొక్కులా మేసేశాడు' అంటాం. 'లా' అని ఒకటి తగిలించాలి, తవ్వడమో మేయడమో చెప్పే క్రియ వేరే తేవాలి. ఇంగ్లీషుకు ఈ రెండూ అక్కర్లేదు. పేరును తీసుకెళ్లి క్రియ ఉండాల్సిన చోట నిలబెడితే చాలు. ఇంగ్లీషుకు ఈ వెసులుబాటు ఎక్కడిది? దానివల్ల ఇంగ్లీషు నేర్చుకునే తెలుగువాళ్లకు ఎక్కడ చిక్కు వస్తోంది? ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది ఈ రెండింటి గురించే.

ఇంగ్లీషు మొదటినుంచీ ఇలా లేదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషు ఈ విషయంలో మన భాషకు దగ్గరగా ఉండేది. ప్రేమ అనే నామవాచకం అప్పట్లో 'లువు', ప్రేమించడం 'లువియన్'. జవాబు 'అండ్‌స్వరు', జవాబివ్వడం 'అండ్‌స్వరియన్'. చివర ఉన్న ప్రత్యయాన్ని వింటే చాలు, అది నామమో క్రియో తెలిసిపోయేది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచేనాటికే ఆ చివరి అక్షరాలు పలుకుబడిలో అరగడం మొదలైంది. ఆ తర్వాత మూడు నాలుగు శతాబ్దాల్లో 'అన్' కాస్తా 'ఎన్' అయింది, 'ఎన్' కాస్తా ఒట్టి 'ఎ' అయింది. 1400లో కవి చాసర్ చనిపోయేనాటికి ఆ చివరి 'ఎ' కొనఊపిరితో ఉంది. మరో నూరేళ్లకు అదీ పోయింది. మిగిలింది ఒక్క 'లవ్', ఒక్క 'ఆన్సర్'. నామమూ అదే, క్రియా అదే.

ఎవరూ పథకం వేసి చేసిన పని కాదిది. తోకలు రాలిపోయాక చూసుకుంటే రెండు మాటలు ఒకేలా ఉన్నాయి, అంతే. కానీ ఒకసారి అలా జరిగాక జనానికి ధైర్యం వచ్చింది. 'లవ్' రెండు పనులూ చేస్తున్నప్పుడు 'నీ' ఎందుకు చేయకూడదు? 'నీ' అంటే మోకాలు. షేక్‌స్పియర్ 'కోరియొలేనస్' నాటకంలో మోకాలిని క్రియ చేశాడు: మోకాళ్ల మీద వెళ్లి కరుణ వేడుకోవడం అన్న అర్థంలో. 'ఆంటొనీ అండ్ క్లియోపాత్రా'లో 'ఘోస్ట్'ను క్రియ చేశాడు: దయ్యమై వచ్చి వెంటపడడం. నాలుగు వందల ఏళ్ల తర్వాత ఈ కాలపు పిల్లలు అదే మాటను మళ్లీ క్రియ చేశారు, సరిగ్గా తిరగేసి. ఇప్పుడు 'ఘోస్ట్' చేయడమంటే చెప్పాపెట్టకుండా మాయమై, మెసేజ్‌కు జవాబు ఇవ్వకపోవడం.

శరీర భాగాలే తీసుకోండి, ఇంగ్లీషులో పనిచేయని అవయవం వెతికినా దొరకడం కష్టం. 'ఐ' అంటే కన్ను. ఒకణ్ణి అనుమానంగానో ఆశగానో చూడడానికీ అదే మాట. 'ఎల్బో' మోచెయ్యి, గుంపులో మోచేత్తో నెట్టుకుంటూ పోవడమూ అదే. 'షోల్డర్' భుజం, బాధ్యత భుజాన వేసుకోవడమూ అదే. 'బ్యాక్' వీపు; ఒకరికి వెన్నుదన్నుగా నిలవడమూ అదే. 'స్టమక్' కడుపు; క్రియ అయితే సహించడం. ఒక మాటను 'స్టమక్' చేయలేకపోయాడంటే, మనం జీర్ణించుకోలేకపోయాడు అంటామే, అది. ఊహలు రెండు భాషల్లోనూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. భుజం, వెన్ను, కడుపు అవే. మనం 'వేసుకొను', 'నిలుచు', 'కొను' లాంటి క్రియలను పక్కన నిలబెట్టి చెప్పేది, వాళ్లు అవయవాన్నే ముందుకు తోసి చెబుతారు.

వస్తువుల పేర్లు క్రియలైనప్పుడు ఇంకో విశేషం ఉంది. 'వాటర్' క్రియ అయితే నీళ్లు పోయడం. 'సాల్ట్' క్రియ అయితే ఉప్పు వేయడం. మరి 'మిల్క్' క్రియ అయితే? పాలు పోయడం కాదు, పిండడం. 'షెల్' అయితే పెంకు తీసేయడం. ఒకచోట ఇవ్వడం, మరోచోట తీసుకోవడం. 'డస్ట్' అయితే రెండూ చేస్తుంది. బల్ల మీద దుమ్ము తుడిస్తే 'డస్ట్', కేకు మీద చక్కెర పొడి చల్లినా 'డస్టే'. ఏది ఎప్పుడో మాట చెప్పదు. బల్లా కేకూ చెబుతాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఈవ్ క్లార్క్, హెర్బర్ట్ క్లార్క్ దంపతులు 1979లో 'లాంగ్వేజ్' పత్రికలో దీని మీదే పెద్ద వ్యాసం రాశారు. పేర్ల నుంచి పుట్టిన క్రియలు 1,300కు పైగా పోగుచేసి చూశారు. వాళ్లు తేల్చిందేమంటే, వినేవాడికి లోకజ్ఞానం ఉందన్న నమ్మకం మీదే ఈ క్రియలన్నీ నడుస్తాయి. ఆవు దగ్గర మనిషి ఏం చేస్తాడో వినేవాడికి తెలుసు గనుక చెప్పేవాడు వివరించనక్కర్లేదు.

అలాగని ఏ పేరు పడితే ఆ పేరు క్రియ అయిపోదు. వేసవి గడపడానికి 'సమ్మర్', చలికాలం గడపడానికి 'వింటర్' క్రియలుగా చెల్లుతాయి. వసంతం గడపడానికి 'స్ప్రింగ్' చెల్లదు, ఎందుకంటే ఆ చోట గెంతడం అనే 'స్ప్రింగ్' ముందే కూర్చుని ఉంది. ఆకురాలు కాలానికి అమెరికన్లు అనే 'ఫాల్'ది కూడా ఇదే గతి. విమానంలో వెళ్లడానికి 'ఏరోప్లేన్' క్రియ కాలేదు. 'ఫ్లై' ఉండగా దాని అవసరం రాలేదు.

మన భాషకు ఈ విద్య బొత్తిగా తెలియదని మాత్రం అనుకోకండి. నవ్వు, దగ్గు, తుమ్ము, తిట్టు, పలుకు, బతుకు, చదువు. ఇవన్నీ నామవాచకాలే, క్రియలే. 'ఆ పిల్ల నవ్వు బాగుంటుంది', 'నువ్వూ నవ్వు'. తెలంగాణ ఇళ్లలో అన్నంలో కలుపుకునే మామిడికాయ తొక్కు నామవాచకం, కాలితో తొక్కు అంటే క్రియ. కానీ మన దగ్గర ఈ పోలిక ధాతువు వరకే. కాలమో విభక్తో చేరగానే దారులు వేరైపోతాయి. 'నవ్వింది' అంటే క్రియ, 'నవ్వుకు' అంటే నామం; ఇంక సందేహం లేదు. చాలా మాటల్లో ధాతువు దగ్గరే రూపం మారిపోతుంది కూడా: ఆడు, ఆట, పాడు, పాట, నడుచు, నడక, ఏడ్చు, ఏడుపు. సంస్కృతం నుంచి వచ్చిన పేర్లకైతే 'ఇంచు' చేర్చి ప్రేమించు, క్షమించు అని క్రియలు చేసుకున్నాం. ఇంగ్లీషు మాటలకు ఆ మర్యాద కూడా చేయలేదు. 'ఫోనించాడు' అని ఎవరమూ అనం. ఫోన్ చేశాడు, ఫోన్ కొట్టాడు. జిరాక్స్ తీయించాడు. అడ్జస్ట్ అయ్యాడు. ఇంగ్లీషులో అది నామమా, క్రియా అన్నది మనం పట్టించుకోం. ఏది వచ్చినా చేయు, అవు, కొట్టు, తీయు పక్కన నిలబెట్టి పని కానిస్తాం.

క్రికెట్ వ్యాఖ్యానం వింటే ఈ తేడా బాగా తెలుస్తుంది. ఇంగ్లీషు వ్యాఖ్యాత నోట 'బ్యాట్' కర్రా అవుతుంది, ఆడడమూ అవుతుంది. 'ఫీల్డ్' మైదానమూ అవుతుంది, బంతి ఆపడమూ అవుతుంది. 'రన్', 'క్యాచ్', 'త్రో', 'డ్రైవ్', 'కట్', 'పుల్', 'స్వీప్' మొదట క్రియలై ఉండి పేర్లుగా మారాయి. 'అంపైర్' పేరుగా ఉండి క్రియ అయింది. మనం మాత్రం 'బ్యాటింగ్ చేస్తున్నాడు', 'డ్రైవ్ చేశాడు', 'క్యాచ్ పట్టాడు', 'పరుగు తీశాడు' అంటాం. మన వ్యాఖ్యానం ఎంత వేగంగా సాగినా ఆ 'చేశాడు', 'పట్టాడు' మాత్రం జారిపోవు. అవే లేకపోతే మనకు వాక్యం నిలబడదు.

మన దేశం నుంచి ఇంగ్లీషులోకి వెళ్లినవాటిలో 'షాంపూ' కథ చెప్పుకోదగ్గది. ఇవాళ అది సీసాలో ఉండే వస్తువు పేరు. కానీ ఇంగ్లీషులో అడుగుపెట్టినప్పుడు అది క్రియ. ఒళ్లు పిసకడం, మర్దన చేయడం అనే అర్థమున్న హిందీ క్రియ నుంచి వచ్చింది. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండులో సముద్రతీర పట్నమైన బ్రైటన్‌లో 19వ శతాబ్దం మొదట్లో స్నానశాల పెట్టి, ఆవిరి స్నానంతో పాటు ఈ మర్దన చేసేవాడు. నాలుగో జార్జి రాజు కూడా ఆయన సేవలు పొందాడు. మర్దన నుంచి తల రుద్దడానికి, రుద్దడం నుంచి రుద్దే ద్రవానికి ఆ మాట జరిగింది. మనం ఇవాళ 'షాంపూ చేసుకుంటాను' అంటున్నామంటే, మన దేశపు క్రియ ఇంగ్లీషుకు వెళ్లి పేరుగా తిరిగి వచ్చి, మన దగ్గర మళ్లీ 'చేయు' సాయం తీసుకుంటోందన్న మాట.

మనిషి పేరు క్రియ అయిన సందర్భాలూ ఉన్నాయి. 1880లో ఐర్లండులోని మేయో ప్రాంతంలో ఎర్న్ ప్రభువు భూములకు చార్లెస్ బాయ్‌కాట్ అనే మాజీ సైనికాధికారి ఏజెంటు. కౌలు తగ్గించమన్న రైతులను వెళ్లగొట్టబోతే ఊరంతా ఏకమైంది. పొలంలో పనికి ఎవరూ రాలేదు, దుకాణంలో సరుకు ఇవ్వలేదు, ఇంటికి ఉత్తరం తెచ్చేవాడు లేడు. చివరకు సైన్యం కాపలాతో, బయటి ప్రాంతం నుంచి కూలీలను దించి పంట తీయించాల్సి వచ్చింది. ఆ ఏడాది ముగిసేలోపే ఆయన ఇంటి పేరు లండన్ పత్రికల్లో క్రియగా కనిపించింది. 1905లో బెంగాల్‌ను విభజించినప్పుడు మన స్వదేశీ ఉద్యమానికి అదే మాట ఆయుధమైంది. 1907లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి, బెజవాడ, మచిలీపట్నం తిరిగి ప్రసంగించిన రోజులవి. ఒక ఏజెంటు మీద ఊరు కట్టిన కోపం అంత దూరం ప్రయాణించింది.

ఇలా కొత్త క్రియలు పుట్టినప్పుడల్లా గొణిగినవాళ్లు ఉన్నారు. వాళ్లలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతటివాడు కూడా ఉన్నాడు. 1789 డిసెంబరు 26న ఆయన నిఘంటుకర్త నోవా వెబ్‌స్టర్‌కు ఉత్తరం రాస్తూ, తాను ఫ్రాన్సులో ఉన్నప్పుడు అమెరికాలో కొన్ని చెడ్డ క్రియలు పుట్టుకొచ్చాయని ఫిర్యాదు చేశాడు. ఏమిటవి? 'నోటీస్', 'అడ్వొకేట్', 'ప్రోగ్రెస్'. మూడింటిలోకీ 'ప్రోగ్రెస్' అంటే ఆయనకు ఎక్కువ ఏవగింపు. వీటిని రానివ్వకుండా చూడమని వెబ్‌స్టర్‌ను కోరాడు. ఇవాళ ఆ మూడూ మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో క్రియలుగా ఉన్నాయి. ఒకప్పుడు వాటి మీద తగవు నడిచిందని చెబితే నమ్మరు. 'గూగుల్' క్రియగా 2006లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో చేరింది. తమ పేరు క్రియగా మారితే ట్రేడ్‌మార్కు హక్కు పోతుందేమోనని కంపెనీలకు భయం. జిరాక్స్ సంస్థ తన పేరును అలా వాడవద్దని పత్రికల్లో ప్రకటనలే ఇచ్చింది. భాషావేత్త స్టీవెన్ పింకర్ 1994 నాటి తన పుస్తకంలో, ఇంగ్లీషు క్రియల్లో సుమారు ఐదో వంతు ఒకప్పుడు నామవాచకాలేనని అంచనా వేశాడు. ఫ్రాంక్లిన్ అడ్డుపడినది ఎంత పెద్ద ప్రవాహానికో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇక చెవికి సంబంధించిన సంగతి. రేడియోలో చెప్పడానికి ఇంతకంటే అనువైనది లేదు. కొన్ని మాటల్లో రాతలో తేడా ఉండదు, పలకడంలో ఉంటుంది. ఇల్లు అయితే 'హౌస్', ఇంట్లో చోటివ్వడం అయితే 'హౌజ్'. ప్రయోజనం అయితే 'యూస్', వాడడం అయితే 'యూజ్'. మనందరి నోటా వినిపించే 'ఏం యూజ్ లేదు'లో ఉన్నది నామవాచకం గనుక, ఇంగ్లీషు పలుకుబడి ప్రకారం అది 'యూస్'. దీనికి కారణం మళ్లీ పాతకాలపు పలుకుబడే. క్రియ చివర అచ్చు ఉండేది. రెండు అచ్చుల మధ్య పడిన 'స' మెత్తబడి 'జ' అయింది. అచ్చు పోయింది, మెత్తదనం మిగిలింది.

రెండక్షరాల మాటల్లో ఊనిక మారుతుంది. మొదటి అక్షరాన్ని నొక్కి 'రెకార్డ్' అంటే నామం, రెండో అక్షరాన్ని నొక్కి 'రికార్డ్' అంటే క్రియ. 'ప్రెజంట్' బహుమతి, 'ప్రిజెంట్' సమర్పించడం. పీటర్ లెవిన్స్ 1570లో వేసిన నిఘంటువును ఆధారం చేసుకుని చూస్తే, అప్పటికి ఇలా ఊనిక మారే జంటలు మూడే: 'అవుట్‌లా', 'రెబెల్', 'రికార్డ్'. 1934 నాటికి అవి 150 అయ్యాయని డొనాల్డ్ షెర్మన్ అనే పరిశోధకుడు లెక్కతేల్చాడు. అయితే అన్నిటికీ దీన్ని అంటగట్టకండి. 'రిపోర్ట్', 'సపోర్ట్', 'కంట్రోల్' నామమైనా క్రియైనా రెండో అక్షరం మీదే బరువు.

రాతలో అయితే ఊనిక ఉండదు, పక్కమాటే దిక్కు. 'ది', 'ఎ', 'మై' ముందుంటే నామం. 'టు', 'విల్', 'కెన్' ముందుంటే క్రియ. ఆ చిన్నమాటలు తీసేస్తే ఏమవుతుందో 1952లో చార్లెస్ ఫ్రీస్ అనే భాషావేత్త ఒక మూడు మాటల టెలిగ్రాంతో చూపించాడు: 'షిప్ సెయిల్స్ టుడే'. నౌక ఇవాళ బయలుదేరుతుంది అనుకోవచ్చు. తెరచాపలు ఇవాళ పంపించు అనీ అనుకోవచ్చు. 'షిప్' నౌక అయినా కావచ్చు, పంపడం అయినా కావచ్చు. 'సెయిల్స్' కూడా అంతే. 'ది' అనే చిన్న మాట ఒక్కటి ఎక్కడ పెడతారో దాన్ని బట్టి అర్థం తేలిపోతుంది.

ఇప్పుడు మన చిక్కు దగ్గరకు వస్తాను. ఇంగ్లీషు నేర్చుకునే తెలుగు పిల్లలకు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. ఇంగ్లీషులో మాట నామంగా ఉన్నప్పుడు దాని వెంట ఒక చిన్నమాట నడుస్తుంది: 'అటాక్ ఆన్', 'విజిట్ టు', 'రిక్వెస్ట్ ఫర్', 'స్ట్రెస్ ఆన్', 'ఆన్సర్ టు', 'లాక్ ఆఫ్'. అదే మాట క్రియ కాగానే ఆ చిన్నమాట దిగిపోతుంది. 'విజిట్ టు హైదరాబాద్' నామం. క్రియ అయితే 'ఐ విజిటెడ్ హైదరాబాద్', మధ్యలో 'టు' ఉండకూడదు. మనవాళ్లు 'రిక్వెస్టెడ్ ఫర్ లీవ్' అంటారు, 'ఆన్సర్డ్ టు ది క్వశ్చన్' అంటారు, 'హి స్ట్రెస్డ్ ఆన్ దిస్ పాయింట్' అంటారు. తెలివి తక్కువై అనడం లేదు. తెలుగు వ్యాకరణాన్ని నమ్మకంగా పాటించి అంటున్నారు.

ఎలాగంటే, 'శత్రువు మీద దాడి' అంటాం. దాన్నే క్రియ చేస్తే 'శత్రువు మీద దాడి చేశారు'. 'మీద' కదలదు. 'ప్రశ్నకు జవాబు', 'ప్రశ్నకు జవాబిచ్చాడు'. 'కు' కదలదు. మన దగ్గర నామం నామంగానే ఉండి పక్కన 'చేయు' చేరుతుంది కాబట్టి విభక్తికి కదలాల్సిన పని లేదు. ఇంగ్లీషులో నామమే క్రియ అయిపోతుంది కాబట్టి, అది తన కర్మను మధ్యవర్తి లేకుండా నేరుగా పట్టుకుంటుంది. 'దే అటాక్డ్ ది ఎనిమీ'. 'హి ఆన్సర్డ్ ది క్వశ్చన్'. 'షి లాక్స్ ఎక్స్‌పీరియన్స్'. ఈ కారణం తెలియకుండా 'ఇక్కడ టు రాదు, అక్కడ ఆన్ రాదు' అని ఒక్కొక్కటే బట్టీ పట్టించడం వల్లే పిల్లలు ఇరవై ఏళ్లు చదివినా అదే తడబాటు మిగిలిపోతోంది. బడుల్లో ఈ ఒక్క సంగతి తెలుగు వాక్యాన్ని పక్కన రాసి చూపిస్తే ఎంత శ్రమ తప్పుతుందో.

నిఘంటువు చూసే అలవాటున్నవాళ్లు ఇంకో పని చేయవచ్చు. ఒక మాట అర్థం దొరకగానే మూసేయకండి. నామం కింద ఇచ్చిన ఉదాహరణ ఒకటి, క్రియ కింద ఇచ్చిన ఉదాహరణ ఒకటి, రెండూ పైకి చదవండి. 'కాంటాక్ట్' దగ్గర నామానికి 'విత్' కనిపిస్తుంది, క్రియకు కనిపించదు. 'డిమాండ్' దగ్గర నామానికి 'ఫర్' ఉంటుంది, క్రియకు ఉండదు. 'ఇన్‌ఫ్లుయెన్స్' దగ్గర 'ఆన్' సంగతీ అంతే. 'సెర్చ్' మాత్రం కొంచెం వేరు: ఇంటిని వెతికితే 'సెర్చ్ ది హౌస్', ఇంట్లో తాళంచెవి కోసం వెతికితే 'సెర్చ్ ఫర్ ది కీ'. క్రియ అయ్యాక కూడా 'ఫర్' నిలిచిన మాట అది. అలాంటివి మరికొన్ని ఉన్నాయి, 'హోప్ ఫర్', 'విష్ ఫర్' వంటివి. వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.